చక్రం చాటున

ఆడవాళ్ల పోటీ రద్దయిందని మైకులో చెప్పినప్పుడు సుమిత ఇసుకలో మోకాళ్లూని సైకిల్ టైర్లలో గాలి తగ్గిస్తూ ఉంది. సముద్రం హోరులో మొదట సరిగా వినపడలేదు. రెండోసారి చెప్పినప్పుడు మాత్రం ప్రతి ముక్కా వినపడింది.

తమిళనాడు తీరంలో మరక్కాణం దాటాక ఉన్న ఒక కుప్పం, జాలర్ల పల్లె, అది. వాయుగుండం పట్టి రెండు రోజులుగా ఒకటే గాలి, వాన. పడవలన్నిటినీ పైకి లాగి కొబ్బరిచెట్లకు కట్టేశారు. ఆ ఒడ్డు మీదే మౌంటెన్ బైకుల పందెం. ఉత్తరంగా పోయి, ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దాటి, అవతలి కుప్పం దగ్గర మలుపు తిరిగి, బయలుదేరిన చోటికే రావాలి. అల వెనక్కి పోయాక గట్టిపడే సన్నటి తడి ఇసుక మీద తొక్కితేనే బండి సాగుతుంది. కాస్త పైకి జరిగితే చక్రం పొడి ఇసుకలో దిగబడుతుంది, కాస్త కిందికి జరిగితే అల కొట్టి పడేస్తుంది.

సుమిత లేచి నేరుగా పందేలు నడిపే డేరాలోకి పోయింది. అక్కడ సెల్వకుమార్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఈ పందెం నడిపే వేలూరు సైకిల్ సంఘానికి ఆయనే పెద్ద. సుమిత వాళ్లన్న పూర్ణచంద్ర ఆ సంఘం తరఫునే తొక్కుతాడు.

"ఆడోళ్లకు ఏంటికి లేదు సార్?"

"నలుగురే వచ్చినారు మా. మిగతావాళ్లు ఈ వానకు ఇల్లు కదల్లేదు. నలుగురికి వేరే పోటీ ఎట్ల పెట్టేది?"

"మేం నలుగురం వచ్చినాం కదా."

"తొక్కొద్దని ఎవరన్నారు? మొగోళ్లతో కలిసి తొక్కండి. సుమ్మా, ఊరికే. ప్లేసు మాత్రం రాయం."

"అంత దూరం నుంచి ఊరికే తొక్కను వచ్చినామా సార్?"

సెల్వకుమార్ నవ్వి, పక్కనున్నాయనకు టీ గ్లాసు అందించి, ఇంకో మాటలో పడిపోయాడు. సుమిత ఇంకా అక్కడే నిలబడి ఉందన్న సంగతి కూడా ఆయనకు పట్టలేదు.

మద్రాసు నుంచి వచ్చిన ఇద్దరు కాలేజీ పిల్లలు ఆ మాట వినగానే సైకిళ్లు కారు మీదికి ఎక్కించుకుని వెళ్లిపోయారు. మిగిలింది సుమితా, వేలూరు పక్క తొరపాడి నుంచి వచ్చిన జెసింతా. జెసింత ఆస్పత్రిలో నర్సు, నలభై దాటిన మనిషి. హెల్మెట్ పట్టీ బిగించుకుంటూ, "నేను తొక్కుతా సుమితా. డ్యూటీ మార్చుకుని వచ్చినా. రాస్తే రాయనీ, లేకుంటే పోనీ," అంది. ఆమెకు అంత తేలిగ్గా ఎలా అనబుద్ధవుతోందో సుమితకు అర్థం కాలేదు. 

ఇక్కడికి రావడానికి ఆమె పడ్డ పాటు ఆమెకే తెలుసు. గుడియాత్తంలో ఇల్లు, పళ్లికొండ దగ్గర బూట్ల కంపెనీలో పని. రోజూ తెల్లారి హైవే పక్కన లారీల గాలికి ఊగుతూ సైకిల్ మీద పోయి, సాయంత్రం అలాగే తిరిగొస్తుంది. ఆదివారాలు కౌండిన్య ఏట్లో ఎండిన ఇసుక మీద, తొడలు పట్టేసేదాకా తొక్కుతుంది. పూర్ణచంద్ర వారానికొకసారి వేలూరు పోయి సంఘం వాళ్లతో తొక్కి, ఫొటోలు దిగి వస్తాడు. అతనికి కొత్త సైకిల్ కొన్నప్పుడు పాతది ఈమెకు వచ్చింది. ఇంట్లో దాన్ని అందరూ ఇప్పటికీ "అన్న పాత బండి" అనే అంటారు.

వాళ్ల నాయన బలరామయ్య లుంగీ బేళ్లు తోలే చిన్న లోడు బండి ఒకటుంది. ఊళ్లో కుట్టి యానై, అంటే గున్న ఏనుగు, అంటారు దాన్ని. అందులోనే ముగ్గురూ సైకిళ్లతో వచ్చారు. సుమిత డేరాలోంచి వచ్చేసరికి తండ్రీ కొడుకులు ఆ బండి చాటున నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"మంచిదే అయింది మే," అన్నాడు పూర్ణచంద్ర. "నీకెట్లా ప్లేసు లేదు కదా. పోయేటప్పుడంతా ఎదురుగాలి. మలుపు దాకా నువ్వు ముందుండి గాలి ఆపు. నేను నీ చక్రం ఎనకాల వస్తా. ఆడ్నుంచి గాలి ఎనక నుంచి తోస్తాది, నేను చూసుకుంటా."

సైకిల్ పందెంలో ముందున్నవాళ్లు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనక అంగుళాల దూరంలో దాక్కున్నవాళ్లకు సగం కష్టం తప్పుతుంది. ఆ సంగతి సుమితకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమెను మండించింది ఆ మొదటి మాట, మంచిదే అయింది అన్నది.

"ఏం మంచిదయింది?"

"కోపం ఏంటికి? ఉండే మాట చెప్పినా."

బలరామయ్య కల్పించుకున్నాడు. "అన్నకు గెలిచే దారి ఉండాది పాపా. కొంచెం సాయం చెయ్యి. మనింటికే కదా పేరు."

"ఆ పేరు నాది కాదే నాయనా."

"ఎవరిదైతే ఏంది?"

సుమిత హెల్మెట్ పెట్టుకుంది. ఒప్పుకుంది. అన్న మీద ప్రేమతో కాదు. తన వెనక అతుక్కుని వస్తే తను ఎంత తొక్కగలదో అతనికి కళ్లారా తెలుస్తుందని. పళ్లు బిగబట్టి, చినుకులు మొహాన కొడుతుండగా అందరితోపాటు వరసలో నిలబడింది.

విజిల్ ఊదగానే గుంపంతా తడి ఇసుక మీద పడింది. బయలుదేరిన కాసేపటికే ఇద్దరు ఒకరినొకరు రాసుకుని పడ్డారు. వాళ్లను తప్పించుకుని సుమిత ముందుకు పోయింది. గాలి మామూలుగా లేదు. ఇసుకను లేపి చెంపల మీద సూదుల్లా గుచ్చుతోంది. కళ్లద్దాలు ఉప్పుతో మసకబారితే తీసి జేబులో పెట్టుకుంది. తల వంచి, మోచేతులు దగ్గరికి లాక్కుని, ముందున్న ఒక్కొక్కళ్లనీ దాటుతూ పోయింది. వెనకనుంచి పూర్ణచంద్ర గొంతు మాత్రం వినపడుతూనే ఉంది.

"ఇంకొంచెం... ఇంకొంచెం లాగు... ఎడమకు రావొద్దు, గాలి తగులుతా ఉండాది నాకు!"

నాకు గాలి తగులుతోంది అన్న ఆ మాటకు ఆమెకు నవ్వు రావాలి. రాలేదు. పెడలు మీద కసి తీర్చుకుంది. ఉప్పుటేరు మొగ దగ్గర సైకిళ్లు భుజాన వేసుకుని మోకాటిలోతు నీళ్లలో దాటారు. ఏటి నీళ్లు ఒకవైపు లాగుతుంటే అల ఇంకోవైపు నెడుతోంది. సుమిత చెయ్యి చాచి అన్న మోచెయ్యి పట్టుకుని దాటించింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి వాళ్లకంటే ముందు నలుగురే ఉన్నారు.

జెండా చుట్టూ తిరగగానే గాలి వెన్నుకు తగిలింది. అప్పుడు పూర్ణచంద్ర ఆమె పక్కనుంచి ముందుకు దూకాడు.

"చాలు మే. నువ్వు నిదానంగా రా," అని కేకేసి, వెనక్కి చూడకుండా పోయాడు.

ఒక్క మంచి మాట చెప్పలేదు. పోనీ, అలిసిపోయావా అని అడగలేదు. లోడు దించేసి పోయే బండిలాగా పోయాడు. సుమిత కాసేపు అలాగే ఊపిరి తీసుకుంటూ తొక్కింది.  తను అలిసిపోలేదని కొద్దిసేపటికి ఆమెకే తెలిసింది. గేరు మార్చింది. వెనకగాలి సాయంతో చక్రాలు తేలికగా తిరిగాయి. ముందు పోతున్నవాళ్లలో ఒకడు దాహానికి ఆగితే అతన్ని దాటింది. అన్న ఎర్ర చొక్కా దూరంగా కనిపిస్తూ, వానజల్లులో మాయమవుతూ ఉంది. తను దాన్ని తరుముతోందని ఆమెకు తెలుసు. తరమకూడదని ఎవరూ చెప్పలేదు.

మొగ దాటాక కొంత దూరంలో ఆ ఎర్ర చొక్కా కదలకుండా నిలబడి ఉంది. పూర్ణచంద్ర సైకిల్ ముందు టైరు పగిలిన ఆలిచిప్ప మీద పడి కోసుకుపోయింది. అతను దారికి అడ్డంగా నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు.

"దిగు! దిగు మే! నీ బండి ఇయ్యి!"

సుమిత బ్రేకు వేసి ఒక కాలు ఇసుకలో ఆనించింది. "ట్యూబు నా దగ్గరుండాది. పంపూ ఉండాది. వేసుకో."

బరువని చెప్పి అవి ఉన్న సంచి పొద్దున్నే ఆమె నడుముకు కట్టింది అతనే.

"ట్యూబేసేంత టైం యాడుండాది? నా ముందర ముగ్గురే ఉండారు. దిగు అంటే దిగవేంది?" అని హ్యాండిల్ పట్టుకున్నాడు. "నీకెట్లా లెక్కలేదు కదా!"

నిన్నటిదాకా అయితే దిగేదేమో. చిన్నప్పటినుంచీ అన్న అడిగితే దిగడమే ఆమెకు అలవాటు. ఊయల, బస్సులో కిటికీ పక్క సీటు, ఏదైనా సరే. ఇప్పుడు మాత్రం హ్యాండిల్ మీద ఉన్న అతని వేళ్లను చూస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"చెయ్యి తియ్యి."

"ఏంది?"

"చెయ్యి తియ్యి అంటా ఉండా. పోయేటప్పుడంతా నీకోసరం తొక్కినా. గాలంతా నేను తిన్నా. ఒక్క మాట చెప్పినావా నువ్వు? నిదానంగా రమ్మన్నావు. నిదానంగా వచ్చే మనిషి ఈడ నిన్నెట్ల పట్టుకుంటాది?"

"సుమితా, నాయనకు చెప్తా..."

"చెప్పు. ఈడ జరిగింది జరిగినట్టే చెప్పు."

సంచి విప్పి అతని కాళ్ల దగ్గర పడేసింది. అతను దాన్ని చూడటానికి వంగినప్పుడు హ్యాండిల్ వదిలాడు. ఆమె వెళ్లిపోయింది. వెనకనుంచి అరుపులు వినపడ్డాయి. తర్వాత గాలి ఒకటే వినపడింది.

ముగింపు దగ్గర వెదురు గడలతో కట్టిన తోరణం గాలికి ఊగిపోతోంది. దాని కిందనుంచి సుమిత దూసుకుపోయినప్పుడు ఆమె ముందు వచ్చినవాళ్లు ముగ్గురే. మైకు పట్టుకున్నతను ఆమెను చూసి, "ఆ అమ్మాయి కొంచెం పక్కకు జరగాల! రైడర్లు వస్తా ఉండారు!" అన్నాడు.

ఒళ్లంతా బురద, ఇసుక, ఉప్పు. చేతుల్లో సైకిల్. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది. అయినా రైడర్లు వస్తున్నారు, పక్కకు జరగమన్నాడు. సుమిత అతని వైపు చూసింది. మాట్లాడితే ఏడుపొస్తుందని మాట్లాడలేదు. కోపంతో వచ్చే ఏడుపును ఎవరైనా చూసి ఓడిపోయి ఏడుస్తోందనుకుంటే అది ఇంకా కోపం.

బలరామయ్య గొడుగు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అన్న యాడ?"

"ఎనకాల. టైరు కోసుకుపోయింది."

"నీ బండి ఇయ్యలేదా?"

"లేదు నాయనా."

ఆయన ఒడ్డు వెంబడి చూశాడు. గొడుగు గాలికి వెనక్కి తిరిగిపోయింది. దాన్ని సరిచేసుకుంటూ దారివైపు నడిచాడు, కొడుకును వెతుక్కుంటూ.

వచ్చినవాళ్లు వచ్చారు, ఆగినవాళ్లు ఆటోల్లో వచ్చారు. అలలు పెద్దవై తోరణం కాళ్ల దాకా నీళ్లు రావడం మొదలయింది. ఇద్దరు కూలీలు గడలు పీకడానికి వచ్చారు. అప్పుడు సుమితకు జెసింత గుర్తొచ్చింది.

"సార్, ఆగండి. జెసింతక్క ఇంకా రాలేదు."

సెల్వకుమార్ చేతిలోని అట్ట చూసుకున్నాడు. "మీ అన్న ఒకడు నడిచొస్తా ఉండాడంట, మిగతా అందరూ వచ్చేసినారు మా. మా లెక్క సరిపోయింది."

"ఆ లెక్కలో మేము ఉండామా?"

ఆయన అట్ట తిరగేసి చంకలో పెట్టుకున్నాడు. ఆడవాళ్ల పోటీ కొట్టేసినప్పుడే ఆడవాళ్ల పేర్లూ కొట్టేశారు. జెసింత ఒడ్డు మీద ఎక్కడుందో, మొగ దగ్గర నీళ్లలో ఉందో, చూడ్డానికి ఒక్క మనిషి లేడు. ఆ సంగతి ఆ క్షణాన సుమితకు పూర్తిగా అర్థమయింది. అంతవరకూ ఉన్న కోపం దీని ముందు ఏమీ కాదనిపించింది.

"ఒక మనిషి అలల్లో ఉండాది సార్! మీరు గడలు పీకుతా ఉండారా?"

"ఆగిపోయి ఎవరింట్లోనో కూర్చోని ఉంటాది..."

"ఎవరు చూసినారు? మీరు చూసినారా? ఇప్పుడే బండి పంపండి. పంపేదాకా ఈ గడ కదలదు." ఆమె తోరణం గడను రెండు చేతులా వాటేసుకుని నిలబడింది. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనక్కి తగ్గారు. చుట్టూ జనం చేరారు. గెలిచి మెడలో పతకం వేసుకున్న కుర్రాడు కూడా వచ్చి, "ఆమె చెప్పేది నిజమే కదన్నా," అన్నాడు. సెల్వకుమార్ మొహం ముడుచుకుని, మోటారు సైకిల్ ఉన్న ఒకతన్ని ఒడ్డు వెంట పంపాడు.

సరిగ్గా అప్పుడే పూర్ణచంద్ర ట్యూబు మార్చకుండానే, గాలిలేని సైకిల్‌ను నెట్టుకుంటూ, వెనక తండ్రితో వచ్చాడు. జనం మధ్య చెల్లెలిని చూసి అతను రెచ్చిపోయాడు. "నా బండి తొక్కి నన్నే నడి ఒడ్డున వదిలేసి వచ్చినావు. ఇప్పుడు ఈడ నాటకమా?"

సుమిత గడ వదల్లేదు. కళ్లు ఒడ్డు మీదే ఉన్నాయి.

చాలాసేపటికి వానలో మోటారు సైకిల్ లైటు కనపడింది. దాని పక్కనే జెసింత, సైకిల్‌ను నెడుతూ, ఒక కాలు ఈడుస్తూ వస్తోంది. బండెక్కమంటే ఎక్కలేదట. మొగ దగ్గర అల తోసేస్తే చీలమండ బెణికింది. తోరణం కిందికి వచ్చి, గడను పట్టుకుని ఉన్న సుమితను చూసి, "ఏందిది, పడిపోతా ఉండాదా?" అంది.

"పీకుతా ఉండారక్కా. మన లెక్క లేదంట."

జెసింత వెనక్కి తిరిగి సెల్వకుమార్ వైపు చూసిన చూపు ఎంతో ప్రశాంతంగా ఉంది. ఆస్పత్రిలో అలా చూసినప్పుడు కుర్ర డాక్టర్లు తడబడతారని ఆమే చెప్తుంటుంది. "సార్, నాకేమన్నా అయ్యుంటే నా బిడ్డలకు ఏం చెప్పేవాళ్లు? ఊరికే పోయిందని చెప్పేవాళ్లా?" అంది. ఆయన తల వంచుకున్నాడు. క్షమించమని మాత్రం నోటినుంచి రాలేదు.

సుమిత ఆ రోజు తండ్రి బండి ఎక్కలేదు. సైకిల్ దాంట్లోనే పోయింది, ఆమె మాత్రం జెసింత బాడుగకు మాట్లాడుకుని వచ్చిన కారులో వేలూరు దాకా వచ్చి, అక్కడ గుడియాత్తం బస్సెక్కింది. ఇంటికొచ్చేసరికి పాత సైకిల్‌ను మెట్ల కమ్మీకి గొలుసుతో కట్టి తాళం వేసి ఉంది.

"అది నాది," అన్నాడు పూర్ణచంద్ర గుమ్మంలో నిలబడి. "ఇంక నువ్వు తొక్కబళ్లేదు."

సుమిత లోపలికి పోయి నీళ్లు పోసుకుని పడుకుంది. పొద్దున్నే లేచి పానాలు తీసుకుని మెట్ల దగ్గర కూర్చుంది. గొలుసు వేసింది ఫ్రేముకు ఒక్కదానికే. ముందు చక్రం విప్పింది. వెనక చక్రం విప్పింది. సీటు, పెడళ్లు, గేర్లు, బ్రేకులు, చివరికి హ్యాండిల్ కూడా. పాతవి అరిగిపోయినప్పుడల్లా ఒక్కొక్కటీ తన జీతంలోనే మార్చుకుంది. కమ్మీకి ఒట్టి ఇనప చట్రం మిగిలింది.

పూర్ణచంద్ర బ్రష్షు నోట్లో పెట్టుకుని బయటికొచ్చి నిలబడిపోయాడు. "ఏం చేస్తా ఉండావు?"

"నీది నీకు వదిలిపెడతా ఉండా. మిగతాదంతా నాది."

బలరామయ్య తువ్వాలు భుజాన వేసుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా ఇది? వీధిలో అందరూ చూస్తా ఉండారు."

"చూడనీ నాయనా. నిన్న గాలంతా నేను తినింది ఎవరూ చూళ్లేదు. నువ్వు కూడా చూళ్లేదు. వచ్చీ రాగానే అన్న యాడ అన్నావు."

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. "తప్పే పాపా," అన్నాడు, నేలకేసి చూస్తూ. అది విని ఆమె కోపం కరిగిపోలేదు. అయితే విన్నానన్నట్టు తల ఊపింది. వాళ్లమ్మ వరదమ్మ లోపలికి పోయి ఖాళీ బియ్యం సంచి తెచ్చి ఆమె ముందు వేసింది. "చక్రాలు దీంట్లో పట్టవు. తాడు కావల్నా?" అని అడిగింది. తాడు కూడా తనే తెచ్చి ముడేసింది.

ఆ సంచి, చక్రాలు వేసుకుని సుమిత తొరపాడి పోయింది. జెసింత కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని, తనకు తెలిసిన సైకిల్ షాపులన్నిటికీ ఫోన్లు చేసింది. "కోపం తగ్గిందా?" అని మధ్యలో అడిగింది. లేదక్కా అంటే, "తగ్గబళ్లేదులే, తిని పో," అని అన్నం పెట్టించింది. నాలుగో షాపులో సుమిత ఎత్తుకు సరిపోయే ఫ్రేము దొరికింది. గీతలు పడిన నీలం రంగు ఫ్రేము, వెల్డింగు గట్టిగానే ఉంది.

సంఘం నుంచి సెల్వకుమార్ ఒకసారి ఫోను చేశాడు. ఇద్దరికీ చిన్న జ్ఞాపిక ఇస్తామన్నాడు. "జ్ఞాపిక వద్దు సార్. నాలుగో ప్లేసు అని రాయండి. అక్కకు ఏ ప్లేసో అది రాయండి," అంది సుమిత. చూస్తామన్నాడు. ఇంతవరకూ రాయలేదు. వాళ్లిద్దరూ ఇప్పుడు వేరే సంఘం పెట్టే పనిలో ఉన్నారు. కనియంబాడి నుంచి ఇద్దరు టీచర్లు, గుడియాత్తం నుంచి ఒక పిల్ల చేరారు.

జనవరిలో ఒక ఆదివారం సుమిత మోర్ధానా డ్యాం రోడ్డు మీద ఒంటరిగా తొక్కుతోంది. కొండల్లోంచి చలిగాలి ఎదురుగా కొడుతోంది. వెనక టైరు చప్పుడు వినపడి ఓరగా చూస్తే పూర్ణచంద్ర. పందెం నాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.  మెల్లిగా వచ్చి ఆమె చక్రం వెనక చేరాడు, అలవాటుగా.

సుమిత పెడలు తొక్కడం ఆపేసి, రోడ్డు అంచుకు జరిగి, దారిచ్చింది.

"ముందుకు పో అన్నా."

"ఏంది మే, ఇంకా కోపమేనా?"

"ఆఁ. ఇంకా కోపమే. ముందుకు పో."

అతను కొద్దిసేపు ఆమె పక్కనే ఊగిసలాడాడు. తర్వాత తల వంచుకుని ముందుకు పోయాడు. మొదటి ఎత్తులోనే గాలికి అతని వేగం పడిపోయింది. వెనక్కి తిరిగి రెండుసార్లు చూశాడు. సుమిత అతని చాటుకు పోలేదు. రోడ్డుకు అటు పక్కన, తన గాలి తను తింటూ, అతనికి సమంగా వచ్చి, దాటి, డ్యాం వైపు ఎక్కుతూ పోయింది.